ఎంఆర్2 మళ్ళీ రావాలంటే ముందు చవగ్గా ఉండాలి

2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో టయోటా ‘జీఆర్ యారిస్ ఎం’ కాన్సెప్ట్‌ను చూపించినప్పటి నుంచి కార్ల పిచ్చివాళ్ళంతా ఒకటే మాట్లాడుకుంటున్నారు: సీట్ల వెనక ఇంజన్ ఉండే టయోటా పాత రెండు సీట్ల చిన్న కారు ఎంఆర్2 తిరిగొస్తోందని. యారిస్ ఒంట్లో సీట్ల వెనకాల రెండు లీటర్ల కొత్త టర్బో ఇంజన్ పెట్టి, శక్తిని నాలుగు చక్రాలకూ పంపారు. ఇక చర్చంతా హార్స్‌పవర్ ఎంత, వందకు ఎన్ని సెకన్లలో చేరుతుంది అన్నవాటి చుట్టూ తిరుగుతోంది. ధర గురించి అడిగేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం అదే మొదటి ప్రశ్న. ఎందుకంటే ఎంఆర్2 విషయంలో చవకతనమే పునాది. దాన్ని తీసేసి మిగతాదంతా ఉంచితే వచ్చేది ఇంకేదో కారవుతుంది. అది మంచి కారే కావచ్చు, కానీ ఎంఆర్2 కాదు.

ఈ మాట అభిమానంతో అంటున్నది కాదు. ఆ కారు ఎలా పుట్టిందో చూస్తే తెలుస్తుంది.

ముందున్న సరంజామా వెనక్కి

సీట్లకూ వెనక చక్రాలకూ మధ్య ఇంజన్ ఉండే ‘మిడ్ ఇంజన్’ కారుకు ఖరీదెక్కువ అన్న పేరు రావడానికి కారణం గేర్‌బాక్స్. రేసు కార్లలోలాగా ఇంజన్‌ను నిలువుగా పెట్టి, దాని వెనక గేర్‌బాక్స్, రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ కలిసిన పెట్టె పెట్టాలంటే దాన్ని ప్రత్యేకంగా తయారు చేయించుకోవాలి. కొద్ది వేల కార్ల కోసం ఆ ఖర్చు గిట్టదు. 1966 నాటి లోటస్ యూరోపా దీనికో ఉపాయం కనిపెట్టింది. ముందు చక్రాలతో నడిచే రెనో 16 కారు ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ తీసుకుని, వెనక్కి తిప్పి బిగించారు. ఉన్నదున్నట్టు తిప్పితే ముందుకు ఒక్క గేరూ రివర్సుకు నాలుగూ మిగులుతాయి కాబట్టి, లోపల చక్రాలకు శక్తినిచ్చే పెద్ద పళ్ళ చక్రాన్ని (క్రౌన్ వీల్) రెండో పక్కకు మార్చారు.

ఇంజన్ అడ్డంగా ఉండే కార్లు వచ్చాక ఆ తంటా కూడా తప్పింది. 1969లో వచ్చిన ఫియట్ 128లో ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒక వరసలో అడ్డంగా, ఒకే ముద్దగా ఉంటాయి. ఆ ముద్దను అలాగే ఎత్తి సీట్ల వెనక పెట్టి, 1972లో ఎక్స్1/9 తెచ్చారు. ఇంజన్ 1290 సీసీ, డిజైన్ ఇటలీ సంస్థ బెర్టోనేది. మామూలు జీతగాడు కొనగలిగే మిడ్ ఇంజన్ కారు ఎలా ఉండాలో అది చూపించింది.

టయోటా 1976లోనే ఇలాంటి ఆలోచన మొదలుపెట్టింది. అకియో యోషిదా దానికి పెద్ద. అయితే అప్పటికి టయోటా దగ్గర వెనక్కి జరపడానికి తగిన సరుకు లేదు, కరోలా ఇంకా వెనక చక్రాలతోనే నడుస్తోంది. 1983లో కరోలా ముందు చక్రాలకు మారింది. అదే ఏడాది టోక్యో మోటార్ షోలో ఎస్‌వీ-3 అనే నమూనా కనిపించింది, 1984 జూన్‌లో జపాన్‌లో ఎంఆర్2 అమ్మకానికొచ్చింది. ఈ రెండు తేదీలు పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. కరోలా మారకపోతే ఎంఆర్2 లేదు.

ఏడబ్ల్యూ11 అని పిలిచే ఆ మొదటి తరంలో వాడిన 4ఏ-జీఈ ఇంజన్ 1587 సీసీది. బోర్ (సిలిండర్ వెడల్పు) 81 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 77. రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, 16 వాల్వ్‌లు. వెనక చక్రాలతోనే మిగిలిన ఏఈ86 రకం కరోలాలో నిలువుగా ఉన్న ఆ ఇంజనే ఇక్కడ అడ్డం తిరిగింది. గేర్‌బాక్స్ ముందు చక్రాల కరోలా కుటుంబానిది. గేర్ లివర్ నుంచి ముందుకు పోవాల్సిన కేబుళ్ళు వెనక్కి పోతాయి, అంతే తేడా. నాలుగు మూలలా స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లే, నాలుగు చక్రాలకూ 185/60 ఆర్14 టైర్లే (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు). మొత్తం బరువు ఒక టన్ను అటూ ఇటూ. పెట్రోలు ట్యాంకు రెండు సీట్ల మధ్య సొరంగంలో ఉంటుంది కాబట్టి, నిండుగా ఉన్నా ఖాళీ అయినా ముందువెనకల బరువు పంపకం పెద్దగా మారదు. డబ్బు పోసి కొనే తెలివి కాదది, స్థలాన్ని సరిగ్గా వాడుకున్న తెలివి.

తిరగడంలో ఉన్న సుఖం

మిడ్ ఇంజన్ వల్ల ఏమిటి లాభం అంటే చాలామంది ‘బరువు సమంగా ఉంటుంది’ అంటారు. అది పూర్తి జవాబు కాదు. ముందు ఇంజన్ పెట్టి కూడా సగం సగం పంచొచ్చు. అసలు తేడా బరువు నడిమికి ఎంత దగ్గరగా ఉందన్నది. కావడి మోసేవాడు చటుక్కున పక్కకు తిరగలేడు, తిరిగితే కుండలు ఇంకా వెళ్ళిపోతూనే ఉంటాయి. అదే బరువును నడుముకు చుట్టుకుంటే ఒక్క అడుగులో తిరగగలడు. ఇంజనూ మనుషులూ పెట్రోలూ అంతా రెండు యాక్సిల్‌ల మధ్యన ఉన్నప్పుడు, స్టీరింగ్ తిప్పిన మరుక్షణం కారు మొత్తం ఒకేసారి కదులుతుంది.

దానివల్ల వచ్చే చిన్న చిన్న లాభాలే రోజువారీగా తెలిసేవి. ముందు చక్రాల మీద సగం కంటే తక్కువ బరువు ఉంటుంది కాబట్టి మొదటి తరానికి పవర్ స్టీరింగ్ లేకపోయినా చెయ్యి నొప్పెట్టదు, రోడ్డు మీద గరుకు నేరుగా వేళ్ళకు అందుతుంది. నడిపే చక్రాల మీదే ఎక్కువ బరువు ఉంది కాబట్టి తడి రోడ్డు మీద కూడా కదిలేటప్పుడు టైర్లు ఊరికే తిరగవు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వచ్చినా వెనక ఇంకా మిగులుతుంది, నాలుగు బ్రేకులూ పని చేస్తాయి. వీటిలో ఏదీ అనుభవించడానికి 400 హార్స్‌పవర్ అక్కర్లేదు. అమెరికాలో 112 హార్స్‌పవర్‌తో అమ్మిన మొదటి ఎంఆర్2లో ఇవన్నీ ఉన్నాయి, ఊరి రోడ్ల మీద వెళ్ళే వేగంలోనే ఉన్నాయి.

చవక సామాన్లు చాలవా?

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ అమెరికా కారు పాంటియాక్ ఫియేరో. ఎంఆర్2 కంటే ముందే, 1984 మోడల్‌గా వచ్చింది. అదీ అరువు సామాన్ల కారే, అదీ మిడ్ ఇంజనే. తొలి ఏడాదిలోనే లక్షా 30 వేలకు పైగా తయారయ్యాయి. అయినా 1988తో ముగిసిపోయింది. మరి చవకతనమే పునాది అయితే అదెందుకు నిలవలేదు?

ఏం అరువు తెచ్చారన్నది చూడాలి. ముందు సస్పెన్షన్ షెవెట్ అనే చిన్న కారుది. వెనకది సైటేషన్ కారు ముందు భాగం మొత్తంగా, స్టీరింగ్ తిరగకుండా కడ్డీలతో బంధించి పెట్టింది. ఇంజన్ 2.5 లీటర్ల ఐరన్ డ్యూక్. బరువైనది, మెల్లగా తిరిగేది, సుమారు 92 హార్స్‌పవర్. దాన్ని ఇరికించడానికి అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని (సంప్) చిన్నది చేశారు, మూడు క్వార్ట్‌లే, అంటే మూడు లీటర్లకు కొంచెం తక్కువే పట్టేది. ఆయిల్ కొంచెం తగ్గినా బేరింగులకు అందదు, కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును బద్దలు కొడుతుంది, ఆయిల్ కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడుతుంది. 1984 కార్లకు మంటలంటుకున్నాయన్న పేరు అలా వచ్చింది. 1988లో ఆ కారు కోసమే గీసిన సస్పెన్షన్ ఇచ్చారు, అప్పటికి నమ్మకం పోయింది, అదే ఆఖరి సంవత్సరం.

కాబట్టి నా మాటను కొంచెం సవరించుకోవాలి. చవక సామాన్లు కావాలి, కానీ అవి తేలికగా ఉండాలి, ఇంజన్ పైకి తిరగడానికి ఇష్టపడేదిగా ఉండాలి, సస్పెన్షన్ మాత్రం కొత్త బరువు పంపకానికి తగ్గట్టు సొంతంగా సర్దాలి. టయోటా డబ్బు మిగుల్చుకున్నది ఇంజన్, గేర్‌బాక్స్‌ల దగ్గర. సర్దుబాటు దగ్గర కాదు.

రెండో తరం: బలం పెరిగితే ఏమైంది

1989 అక్టోబరులో వచ్చిన ఎస్‌డబ్ల్యూ20ని చూసి ఫెరారీలా ఉందని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2320 నుంచి 2400 మిల్లీమీటర్లకు పెరిగింది. ఇంజన్ రెండు లీటర్లయింది. అమెరికా టర్బో 200 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,270 కిలోలు. దీనితోనే ఎంఆర్2కి ‘ఉన్నట్టుండి తిరిగిపోతుంది’ అన్న చెడ్డపేరు అంటుకుంది.

దాన్ని కట్టుకథ అని కొట్టిపారేసే అభిమానులతోనూ నేను ఏకీభవించను, ప్రాణాంతకం అనేవాళ్ళతోనూ ఏకీభవించను. జరిగేది ఇది. మలుపులోకి కొంచెం ఎక్కువ వేగంతో వెళ్ళి, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం. బరువు ముందుకు పోతుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. వెనక సస్పెన్షన్ పైకి లేస్తున్నప్పుడు తొలి కార్లలో చక్రాల కోణం కూడా అనుకూలంగా ఉండదు. వెనక జారడం మొదలవుతుంది. బరువంతా నడుమ ఉన్న కారు కాబట్టి, తిరగడం ఎంత త్వరగా మొదలైందో జారడమూ అంత త్వరగా పెరుగుతుంది. ముందు ఇంజన్ కారులో దొరికే ఆ అర సెకను వ్యవధి ఇక్కడ దొరకదు. ఆలస్యంగా, ఎక్కువగా స్టీరింగ్ తిప్పితే కారు ఇటునుంచి అటు కొడుతుంది. అంటే ఏ గుణం కోసం కారు కొన్నామో ఆ గుణమే ఇది.

టయోటాకు ఇది తెలుసు. జపాన్‌లో 1992 మోడల్‌తో, అమెరికాలో 1993 మోడల్‌తో వెనక సస్పెన్షన్ కొలతలు మార్చింది. 14 అంగుళాల చక్రాలు పోయి 15 అంగుళాలవి వచ్చాయి. ముందు 195/55, వెనక 225/50 టైర్లు పెట్టింది. కారు కుదురుగా మారింది, కానీ ముందు చక్రాల చురుకు కొంత పోయింది. వెనక పట్టు పెంచడమంటే ముందు భాగాన్ని పోల్చి చూస్తే బలహీనం చేయడమే.

ఇప్పుడు నడిచేవాటిలో ప్రమాదాలకు నిజమైన కారణం చాలాసార్లు కంపెనీ కాదు, టైర్లూ, సస్పెన్షన్ కీళ్ళలోని రబ్బరు బుష్‌లూ. ముందూ వెనకా ఒకే వెడల్పు టైర్లు వేస్తారు. లేదా రెండు కొత్త టైర్లు కొని ముందు వేస్తారు, అరిగినవి వెనక్కి పంపుతారు. ఈ కారులో కొత్తవి ఎప్పుడూ వెనక్కే వెళ్ళాలి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే రకం అయితే మంచిది. గాలి ముందు తక్కువ, వెనక ఎక్కువ ఉండాలి, తలుపు పక్కన అంటించిన కాగితంలో ఉన్న అంకెల ప్రకారం. వెనక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కొంచెం లోపలికి తిరిగి ఉండటం) పోయిందంటే కారు నేరుగా వెళ్ళేటప్పుడే తోక ఊగుతున్నట్టుంటుంది. ముప్పై ఏళ్ళ రబ్బరు బుష్‌లతో అలైన్‌మెంట్ చేయించినా నిలవదు, ముందు బుష్‌లు మార్చి తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి.

టర్బో ఎస్‌డబ్ల్యూ20 మంచి కారు కాదని నేననను. కానీ బలం పెరిగేకొద్దీ టైర్లు వెడల్పవుతాయి, టైర్లు వెడల్పయ్యేకొద్దీ పట్టు వదిలే వేగం పెరుగుతుంది, వదిలినప్పుడు దిద్దుకునే సమయం తగ్గుతుంది. చివరికి ఆ కారు సుఖం మామూలు రోడ్డు దాటి రేస్ ట్రాక్‌కు వెళ్ళిపోతుంది. 2025 కాన్సెప్ట్ చూసినప్పుడు నాకు కలిగిన భయం ఇదే.

తిరిగి టన్ను లోపలికి

1999 అక్టోబరులో వచ్చిన మూడో తరం జెడ్‌జెడ్‌డబ్ల్యూ30ని ‘బలం తగ్గించారు’ అని చాలామంది తిట్టారు. 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజన్, జపాన్‌లో 140 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే), టర్బో లేదు, డిక్కీ కూడా లేదు. సీట్ల వెనక రెండు అరలు, ముందు స్టెప్నీ చుట్టూ కొంచెం జాగా. కానీ వీల్‌బేస్ 2450కి పెంచి కూడా బరువును టన్ను లోపలే ఉంచారు. టాపు తీసేసే కారుకు అది చిన్న విషయం కాదు. ఎంఆర్2 తన అసలు సూత్రానికి తిరిగొచ్చింది అప్పుడే. అదే కుటుంబం ఇంజన్లను ఆ తర్వాత లోటస్ కూడా తన ఎలీజ్ కారులో పెట్టుకుంది. తేలిక కార్ల విషయంలో లోటస్ కంటే పట్టుదల ఉన్న కంపెనీ ఇంకొకటి చెప్పలేను.

అరువు సామాన్లకు అరువు జబ్బులూ వస్తాయి. తొలి 1జెడ్‌జెడ్ ఇంజన్లలో పిస్టన్‌కు ఆయిల్ తిరిగి కారే రంధ్రాలు చిన్నవి. అవి మసితో మూసుకుపోతే ఆయిల్ రింగు బిగుసుకుని, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఎంఆర్2లో దీనికి ఇంకో ప్రమాదం జతయింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే పొగను శుభ్రపరిచే రెండు చిన్న ప్రీ-కేటలిస్ట్‌లు ఉంటాయి. ఆయిల్ పొగకు వాటి తేనెపట్టు లాంటి సెరామిక్ పొడిపొడి అవుతుంది, ఆ పొడి ఇంజన్‌లోకి వెనక్కి లాగబడి సిలిండర్లను గీస్తుంది, దాంతో ఆయిల్ ఇంకా తాగుతుంది.

కొనేముందు చూసే పద్ధతి తేలిక. చల్లబడ్డ ఇంజన్ మీద మానిఫోల్డ్‌లోని రెండు ఆక్సిజన్ సెన్సర్లను విప్పి, ఆ రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడాలి. తేనెపట్టు అంచులు నిండుగా, చదునుగా కనిపించాలి. ముక్క లేచిపోయినా, లోపల ఖాళీ కనిపించినా ధర తగ్గించమని అడగడం కాదు, ఇంజన్ ఖర్చు లెక్కేసుకోవాలి. ఈ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి పట్టేది 3.7 లీటర్లే, కాబట్టి లీటరు తగ్గినా నాలుగో వంతు పోయినట్టే. పెట్రోలు పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడటం అలవాటు చేసుకోవాలి.

రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక

మూడు తరాలకూ ఉమ్మడి బలహీనత ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వెళ్ళే దారి. రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజన్ వెనక, మధ్యలో కారు కింద పొడవునా రెండు పైపులు. మామూలు చిన్న కారులో పట్టేదానికి రెట్టింపుకు పైగా ద్రవం పడుతుంది. ఒక గొట్టం మార్చి, పైనుంచి పోసి, మూత పెట్టేస్తే ఎక్కడో ఒకచోట గాలి చిక్కుకుంటుంది. మీటరులో ముల్లు మామూలుగానే ఉన్నా ఇంజన్ పైభాగపు సీలు (హెడ్ గాస్కెట్) పోతుంది. ఈ కారు తెలియని షెడ్డులో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ఎస్‌డబ్ల్యూ20లో చేయాల్సింది ఇలా. ముందు బానెట్ ఎత్తి స్టెప్నీ తీయాలి. రేడియేటర్‌కొకటి, హీటర్‌కొకటి గాలి వదిలే వాల్వ్‌లున్నాయి. రెండింటికీ లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి, వాటి కొసలను బానెట్‌కు ఎత్తుగా వేలాడదీయాలి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, వాల్వ్‌లు వదులుచేసి, వెనక ఇంజన్ దగ్గరున్న మూత నుంచి నెమ్మదిగా పోయాలి. ముందు గొట్టాల్లో ద్రవం ఎత్తు, వెనక పోసేచోటి ఎత్తుతో సమానమయ్యేదాకా పోస్తూనే ఉండాలి. తర్వాత వాల్వ్‌లు బిగించి, ఇంజన్ నడిపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఆగి, పూర్తిగా చల్లారాక మళ్ళీ చూడాలి. తొందరపడకపోతే గంటలో అయ్యే పని.

మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఆ కింది పైపులు తుప్పు పడతాయి, స్టీలువి తీసి స్టెయిన్‌లెస్‌వి వేయించుకోవడం మంచిది. మొదటి తరంలో తుప్పు వెనక చక్రాల పైన, తలుపుల కింద మొదలవుతుంది. అద్దాల టాపు ఉన్నవాటిలో నీళ్ళు పోయే కాలువలు మూసుకుపోతే లోపలికి కారతాయి. తొలి గేర్‌బాక్స్‌లలో ఐదో గేరు దానంతటదే బయటికి వస్తుంది. ఐదులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కి ఒక్కసారిగా వదిలితే లివర్ జారిందో లేదో తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు 25 ఏళ్ళు దాటిన కార్లు జపాన్ నుంచి తెప్పించుకునే వీలుంది, ఆఖరి ఎస్‌డబ్ల్యూ20లు కూడా ఆ వయసు దాటేశాయి. 245 పీఎస్ జపాన్ టర్బో కోసం ఎగబడేవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే ఆ డబ్బుతో తుప్పులేని మామూలు ఏడబ్ల్యూ11 గానీ, ప్రీ-కేటలిస్ట్ సమస్య తీర్చేసిన మూడో తరం గానీ కొని, మిగిలినదాన్ని టైర్లకూ బుష్‌లకూ ఖర్చు పెట్టమంటాను.

మియాటా ఉండగా ఇదెందుకు?

ఇది తేలిగ్గా తోసేయలేని ప్రశ్న. 1989లో వచ్చిన, మియాటా అని కూడా పిలిచే మాజ్డా ఎంఎక్స్-5 ముందు ఇంజన్, వెనక చక్రాలతో ఇంకా చవగ్గా, ఇంకా సులువుగా అదే ఆనందం ఇచ్చింది. ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని తొలి తరాల్లో బానెట్ ఎత్తితే టైమింగ్ బెల్ట్ చేతికి అందుతుంది. ఎంఆర్2లో ఇంజన్ దించాలంటే కారును పైకెత్తి కిందనుంచి తీయాలి. టర్బో ఎస్‌డబ్ల్యూ20లో ఇంటేక్ మానిఫోల్డ్ కింద దాగిన ఒక చిన్న కూలెంట్ గొట్టం మార్చడానికే ఒక రోజు పోతుంది. తప్పు చేస్తే ఎంఎక్స్-5 మెల్లగా జారి హెచ్చరిస్తుంది. లెక్కగా చూస్తే నెగ్గేది మాజ్డానే.

అయినా బ్రేకు వదిలి స్టీరింగ్ తిప్పే ఆ ఒక్క క్షణంలో రెండు కార్లూ ఒకటి కావు. ఎంఎక్స్-5లో ముక్కు ముందు తిరుగుతుంది, మనం దాని వెనక వెళ్తాం. ఎంఆర్2లో మన కుర్చీయే ఇరుసు. ఆ క్షణం కోసం అసౌకర్యాలు భరించేవాళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు. వాళ్ళంతా ధనికులే కానక్కర్లేదని ఎంఆర్2 రుజువు చేసింది.

భారతదేశంలో కూడా ఒకసారి ఈ సూత్రం దాదాపు చేతికందింది. 2017 మార్చిలో జెనీవాలో టాటా ‘టామో రేసిమో’ చూపించింది: రెండు సీట్లు, సీట్ల వెనక మూడు సిలిండర్ల 1.2 లీటర్ల టర్బో, 190 పీఎస్. ఇంజన్ టాటా చిన్న కార్ల కుటుంబానిదే. అమ్మకానికి రాలేదు. సూత్రంలో మాత్రం తప్పు లేదు.

టయోటాకు ఇప్పుడు కావలసిన సరుకు కొత్తగా చేయనక్కర్లేదు, దాని గోడౌన్‌లోనే ఉంది. జీఆర్ యారిస్‌లో 1618 సీసీ మూడు సిలిండర్ల టర్బో ఇంజన్ అడ్డంగా, ఆరు గేర్ల మాన్యువల్ పెట్టెతో కలిసి తయారవుతూనే ఉంది. దాన్ని వెనక్కి జరిపి, ముందు చక్రాలకు శక్తి పంపే సామానంతా తీసేసి, బలాన్ని సగానికి కాకపోయినా మూడింట రెండు వంతులకు దించి, సన్నటి టైర్లు వేసి, బరువు టన్నుకు దగ్గరగా ఉంచాలి. ఇప్పటి భద్రతా నిబంధనలతో టన్ను కష్టమే, 1,100 కిలోలైనా చాలు. ధర టయోటా ముందు ఇంజన్ స్పోర్ట్స్ కారు జీఆర్86ను దాటకూడదు. టోక్యోలో చూపించిన నాలుగు చక్రాల రెండు లీటర్ల ఇంజన్ రేసింగ్ వాళ్ళకు ఉంచొచ్చు, షోరూముకు ఇది పంపితే చాలు.